పులిహోరకి ఏడ్చినవాడు

19 ఆగస్టు 2003

నోటితో చెబితే ఎవరికీ అర్థం కావడం లేదు. అందుకని రాస్తున్నాను. ఈ డైరీ బేరింగుల కంపెనీవాడు కొత్త సంవత్సరానికి ఇచ్చింది. ఇన్నాళ్ళూ దీని మీద టీ గ్లాసు పెట్టుకునేవాణ్ణి.

పొద్దున నీళ్ళు పుక్కిలిస్తుంటే నేను ఉమ్మకుండానే కుడివైపు నుంచి కారిపోయాయి. టీ కూడా అంతే, బనియను మీద పడింది. టీ బాగులేదేమోనని వచ్చిన మా ఆవిడ కనకరత్నం నా మొహం చూసి గుమ్మం పట్టుకుంది.

"ఓలమ్మో! నీ మూతేటయ్యా, అలగెల్లిపోనాది?"

అద్దంలో చూసుకున్నాను. ఎడమవైపు నేనే ఉన్నాను. కుడివైపు ఎవడో కన్ను తెరుచుకుని నిద్రపోతున్నాడు.

పక్కింటి సూర్యకాంతమ్మగారు పక్షవాతమని తేల్చేసింది. పావురం నెత్తురు రాస్తే తిరిగొస్తుందట. మధ్యాహ్నానికల్లా మా సందులో పావురాలున్న ఇళ్ళు ఏవేవో నాకు తెలిసిపోయింది.

20 ఆగస్టు

పక్షవాతం కాదు.

నరాల డాక్టరు రోజారమణి గారని, పెద్దాసుపత్రిలో చేస్తారు. గోదావరి జిల్లా మనిషి, ప్రతి మాటకీ 'అండి' తగిలిస్తారు. చెయ్యి ఎత్తమన్నారు, ఎత్తాను. కాలు నెట్టమన్నారు, నెట్టాను. నుదురు ముడత పెట్టమన్నారు. ఎడమవైపు ముడత పడింది, కుడివైపు ఇస్త్రీ చేసినట్టు ఉండిపోయింది.

"చాలా మంచిదండి," అన్నారావిడ.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో, పని చెయ్యని దాన్ని చూసి మంచిదన్న మనిషి ఈవిడొక్కరే.

మెదడులో దెబ్బ తగిలితే మూతి వంకరపోయినా నుదురు మాత్రం ముడత పడుతుందట. నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు అందుతాయి కాబట్టి. ఇద్దరు ఆఫీసర్లున్న సెక్షన్ అన్నమాట. ఒకరు సెలవు పెట్టినా పని ఆగదు. నాకు నుదురు కూడా ఆగిపోయింది కాబట్టి తప్పు ఆఫీసులో లేదు, బయట లైన్లో ఉంది. మొహాన్ని కదిలించే నరం చెవి వెనక ఎముకలో సన్నటి సొరంగంలోంచి వస్తుందట. అక్కడ అది వాచి ఇరుక్కుంది. వన్ టౌన్‌లో మా సందులోకి లారీ వస్తే ఏమవుతుందో నాకు వేరే చెప్పాలా.

"బస్సులో కిటికీ పక్కన కూకున్నాడమ్మా, గాలి కొట్టేసింది," అంది కనకరత్నం.

గాలి కాదట. ఎందుకొస్తుందో గట్టిగా ఎవరికీ తెలియదట. చాలామందికి తగ్గిపోతుందట. మాత్రలు, కంట్లో చుక్కలు, పడుకునేటప్పుడు కంటికి ప్లాస్టరు.

24 ఆగస్టు

భీమిలి నుంచి కబురొచ్చింది. గురువులు అన్నాడట: "మాయమ్మకి ఏడవని మొకం కదేటి. వంకరవక ఏటవద్ది?"

గురువులు కనకరత్నానికి అన్న. భీమిలిలో వాచీలు, రేడియోలు బాగుచేసే కొట్టుంది. ఈ నెల మొదట్లో వాళ్ళమ్మ చిలకమ్మగారు పోయారు. నేను ఏడవలేదు. అందులో దాచేదేముంది? మా నాన్న పోయినప్పుడూ ఏడవలేదు. అత్తగారు పోయిన రోజు వెదుళ్ళు ఎవరు తెచ్చారు? షామియానా ఎవరు కట్టించారు? కట్టెలు వానకి తడవకుండా స్కూటరు కవరు ఎవరు కప్పారు? ఆడాళ్ళూ మగాళ్ళూ అరుగు మీద చేరి ఏడుస్తుంటే, గురువులు అందరిలో నన్ను పట్టుకుని అన్నాడు: "ఇరవయ్యేల్లు మాయమ్మ సేతి కూడు తిన్నావు. ఒక్క సుక్క రాల్లేదేటి బావా నీ కంట్లోంచి?"

"ఏడవడానికి మీరింతమందున్నారు. పన్సెయ్యడానికి నానొక్కణ్ణే ఉన్నాను," అన్నాను.

గుమ్మం తొక్కొద్దన్నాడు. తొక్కనన్నాను. అంతే.

కనకరత్నం ఆ రోజు నుంచి నా దగ్గర అన్న మాట ఎత్తదు. అన్న దగ్గర నా మాట ఎత్తదు. ఆమెకి మాట్లాడ్డానికి ఇంక సూర్యకాంతమ్మగారు, పావురాలు మిగిలాయి.

2 సెప్టెంబరు

డ్యూటీకి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

రేవులో క్రేన్లు బాగుచేసే వర్క్‌షాపులో నేను ఫోర్‌మన్. నేను అరిస్తే సగం పని అయిపోయినట్టే అని పేరు. ఇప్పుడు పెదాలు కలవవు. పెదాలు కలవకపోతే ప, బ, మ పలకవు. "పానా పట్రా" అని అరిచాను. బయటికి "హానా హట్రా" అని వచ్చింది. ముప్ఫై మంది ఒకేసారి తలలు వంచుకుని చాలా శ్రద్ధగా పని చేశారు. అందరి భుజాలూ ఊగుతున్నాయి.

తాతబాబు నాతోపాటే చేరినవాడు, చనువెక్కువ. "బావా, నీకు కోపమొత్తందో నవ్వొత్తందో తెలట్లేదు. సగం సగం ఒత్తంది," అన్నాడు.

కొత్త ఇంజనీరుగారు డ్రాయింగు చూపిస్తూ మధ్యలో ఆపి, "నన్ను చూసి నవ్వుతున్నారేంటండీ?" అని అడిగాడు. నవ్వడం లేదని చెప్పాను. చెబుతుంటే మూతి ఎడమకి ఇంకా లాగింది. ఆయన డ్రాయింగు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

15 సెప్టెంబరు

నరం ఎంత బతికుందో చూడ్డానికి పరీక్ష చేశారు. బుగ్గకి బిళ్ళలు అంటించి, చెవి ముందర చిన్న కరెంటు షాకు కొట్టారు. టీవీలాంటి దాని మీద గీత లేచి పడింది. కరెంటు కొట్టినప్పుడల్లా నా కుడి బుగ్గ నన్నడక్కుండా కొంచెంగా నవ్వింది.

నరం దెబ్బ తిన్న చోటు నుంచి మళ్ళీ పెరగాలట. రోజుకి ఆవగింజలో సగమంత పెరుగుతుందట. గోళ్ళు నయం. అద్దం ముందు కూర్చుని ఈల వెయ్యాలి, బుగ్గలు ఊదాలి, పళ్ళు చూపించాలి.

16 సెప్టెంబరు

ఈల వేశాను. గాలి.

17 సెప్టెంబరు

గాలి.

11 డిసెంబరు

మూతి కుడి మూల కదిలింది. కనకరత్నం కదల్లేదంది.

12 డిసెంబరు

కదిలింది.

26 జనవరి 2004

ఈ యేడు బేరింగులవాడు డైరీ ఇవ్వలేదు. పాతదాంట్లోనే ఖాళీ పేజీలు వాడుతున్నాను.

ఈల వచ్చింది! కిటికీ దగ్గర నిలబడి గట్టిగా వేశాను, రెండు మూడుసార్లు. పావుగంట తర్వాత సూర్యకాంతమ్మగారి భర్త వచ్చి, ఈ వయసులో ఇదేం పనని అడిగాడు. జబ్బు తగ్గిందని చెబితే, తగ్గినట్టు కనబడ్డం లేదన్నాడు.

9 మార్చి

"పానా పట్రా." ప అంటే ప. హెల్పరు కుర్రాడు గోపి పరుగెత్తుకుంటూ తెచ్చి ఇచ్చాడు. ఇంక ఈ డైరీతో పని లేదు.

18 మే

కేంటీన్లో కొత్తావకాయ. కుడికన్ను కారింది. కారం.

19 మే

ఈ రోజు ఇడ్లీ. కుడికన్ను కారింది. చట్నీలో మిరపకాయ ఉండి ఉంటుంది.

20 మే

ఒట్టి ఇడ్లీ తిన్నాను. కారింది. ఉల్లిపాయ తరిగిన చేత్తో పెట్టావా అని అడిగితే, ఇడ్లీలో ఉల్లిపాయేటి అని కనకరత్నం నా మొహంలోకి చూసింది. లేచి వెళ్ళి స్నానం చేశాను. స్నానంలో కారలేదు.

3 జూన్

పెరుగన్నానికి తక్కువ. చింతపండు పులుసుకి ఎక్కువ. నిమ్మకాయ కోస్తుంటేనే మొదలు. ఎడమ కన్ను ఎప్పట్లా ఉంది. కుడికన్ను ఒక్కటే, కొళాయి వాషరు పోయినట్టు.

ఎవరికీ చెప్పలేదు. కేంటీన్లో గోడకి కుడివైపు ఆనుకుని కూర్చుంటున్నాను.

14 జూన్

గోడ పక్క చోటు దొరకలేదు. టమాటా చారు. రెండో ముద్దకే గడ్డం దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే గోపి నా కుడిపక్కన వచ్చి కూర్చుని, వాళ్ళమ్మ అసిరమ్మని సింహాచలం కొండకి తీసుకెళ్ళాలి, మోకాళ్ళు పట్టేశాయి, ఈ ఏడాది చూడకపోతే మరి చూస్తుందో లేదో, రెండు రోజులు సెలవు కావాలి అన్నాడు. ఇలాంటివి నేను వినను. విననని వాడికీ తెలుసు. వాడు తలెత్తి చూసి, నా కన్ను చూసి, ఆగిపోయాడు.

"సార్... ఏడవకండి సార్. ఒక రోజు సాల్సార్."

ఏడవడం లేదని చెబితే టమాటాచారుకి కన్నీళ్ళెందుకో చెప్పాలి. రెండు రోజులూ ఇచ్చేశాను.

17 జూన్

సెలవులు అడిగేవాళ్ళంతా ఇప్పుడు భోజనాల దగ్గరే అడుగుతున్నారు. కుడిపక్కన కూర్చోవడానికి వరసలో ఉంటున్నారు. ఈ వారంలో నలుగురి తల్లులకి, ఒకడి మేనత్తకి బాగులేదు.

24 జూన్

తాతబాబు మూల నుంచి కొన్నాళ్ళుగా గమనిస్తున్నాడట. వాడికి వేరే అనుమానం వచ్చింది. పదిమందిని వెంటేసుకుని కేంటీను కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

"అత్తగారు పోతే ఏడవని మనిషండీ మా ఫోర్‌మన్! అలాటోణ్ణి రోజూ ఏడిపిత్తంది మీ సాంబారు! సిగ్గుండాల!"

కాంట్రాక్టరు నా దగ్గరికొచ్చి క్షమించమన్నాడు. రేపటి నుంచి సాంబారులో మునక్కాడలు వేస్తాడట. వద్దనలేకపోయాను. సాంబారు నిజంగానే బాగుండేది కాదు.

5 జులై

కనకరత్నం పట్టేసింది. నిన్న నా కుడిపక్కన కూర్చుని కాకరకాయ పులుసు వడ్డించి, నేను తింటున్నంతసేపూ నా మొహమే చూసింది.

"ఎన్నాల్నుంచి?"

"ఏటి?"

"నానేం గుడ్డిదాన్ననుకున్నావేటి? పద డాక్టరమ్మ కాడికి."

రోజారమణి గారు బల్ల సొరుగులోంచి ఉసిరికాయ తీసి కొరకమన్నారు. కొరికాను. కారింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. జబ్బంటే ఇంత ఇష్టమున్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

ఆ నరంలో మొహాన్ని కదిలించే పోగులే కాదు, నోట్లో లాలాజలం ఊరించే పోగులు, కంట్లో నీరూరించే పోగులు కూడా కొంతదూరం కలిసే వస్తాయట. మళ్ళీ పెరిగేటప్పుడు కొన్ని దారి తప్పుతాయి. నోటికి వెళ్ళాల్సినవి నాకు కంటికి వెళ్ళాయి. తుపాను తర్వాత తెగిన టెలిఫోను తీగలు హడావుడిగా అతికిస్తే, మనింటికి చేసిన ఫోను పక్కింట్లో మోగుతుంది. అలాగన్నమాట.

"మీ మెదడు ఏడవమనడం లేదండి. లాలాజలం ఊరమంటోంది. ఆ మాట తప్పుడు ఇంట్లో వినబడుతోంది, అంతే."

"అంటే నాకు బాధ లేనట్టేనాండి?"

"దీనికీ బాధకీ సంబంధం లేదండి."

హాయిగా అనిపించింది. దారిపొడుగునా కనకరత్నం మాత్రం వేళ్ళు మడిచి విప్పుతోంది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టుంది.

16 ఆగస్టు

వచ్చే ఆదివారం చిలకమ్మగారి సంవత్సరికం. నేను వెళ్ళనని చెప్పాను.

"ఎల్లకపోతే మానెయ్యి. అల్లుడు రాలేదని ఊరంతా అంతారు. అనుకోనీ," అంది.

17 ఆగస్టు

వెళ్ళను.

21 ఆగస్టు

చొక్కా ఇస్త్రీ చేయించింది. ఎవరి కోసమో నేను అడగలేదు.

22 ఆగస్టు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

భీమిలి వెళ్ళాం. గుమ్మం దగ్గర ఆగాను. గురువులు లోపల బ్రాహ్మడి దగ్గర కూర్చున్నాడు, తలెత్తలేదు. వాళ్ళావిడ జోగమ్మే "లోనికి రా అన్నయ్యా" అంది. అదే ఆ ఇంటి పిలుపనుకుని లోపలికి వెళ్ళాను. చిలకమ్మగారి ఫొటోకి దండ వేశారు. చూశాను. ఏమీ రాలేదు. చుట్టాలంతా నన్నే చూస్తున్నారని వీపుకి తెలుస్తోంది.

భోజనాల బంతిలో కూర్చున్నాం. నేను కుడివైపు స్తంభం చూసుకుని కూర్చోబోతుంటే కనకరత్నం వచ్చి, "అక్కడ నీల్ల కుండ పెడతారు, ఇటు జరుగు," అని నన్ను మధ్యలోకి జరిపింది. ఖాళీగా ఉన్న కుడిపక్కన ఎవరో కూర్చున్నారు. చూస్తే గురువులు.

ఇద్దరం ఆకు వైపే చూస్తున్నాం.

ముందు పులిహోర వడ్డించారు. చిలకమ్మగారు చేసినట్టే, చింతపండు బాగా పిండి, ఇంగువ వేసి. జోగమ్మ అత్తగారి దగ్గర నేర్చుకున్నదే. వద్దనడానికి వీల్లేదు, ఆమె పేరున పెట్టిన అన్నం. ఒక్క ముద్ద పెట్టుకున్నాను. అలాంటి ధార ఇంతకుముందు నేనే ఎరగను. గడ్డం మీంచి ఆకులోకి టపటపమని పడుతోంది. తుడుచుకోవడానికి కుడిచెయ్యి ఎంగిలి, ఎడమచెయ్యి ఎత్తితే అందరికీ తెలుస్తుంది. ఇంకో ముద్ద మింగితే అయిపోతుందనుకున్నాను. ఇంకా ఎక్కువైంది.

గురువులు తినడం ఆపాడు.

"బావా..." అన్నాడు. "బావా, నాను నిన్ను నోటికొచ్చినట్టు అన్నాను. కడుపులో ఇంతెట్టుకున్నావేటి బావా!"

ఎంగిలి చేత్తోనే నన్ను వాటేసుకుని భోరుమన్నాడు. చొక్కాకి పసుపంతా అంటింది. కుడివైపు కూర్చున్నవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. ఎడమవైపు కూర్చున్న కనకరత్నం మేనమామ మాత్రం వంగి నా ఎడమ కన్ను చూసి, "ఏడుపేదిరా? పొడిగా ఉంటే!" అన్నాడు. కుడివైపు వాళ్ళు ఆయన మీద పడ్డారు. బంతి మధ్యలో నేను ఏడ్చానా లేదా అని రెండు పక్షాలయ్యాయి. మేనమామకి చివరికి గారెలు కూడా సరిగా వడ్డించలేదు.

నేను అబద్ధం ఆడలేదు. ఒక్క మాట కూడా అనలేదు. పులిహోర తిన్నాను. అంతే.

23 ఆగస్టు

పులిహోర తిన్నాను, అంతే.

5 సెప్టెంబరు

గురువులు వచ్చాడు. కేరేజీ నిండా పులిహోర. పక్కన కూర్చుని తినిపించాడు. నేను తింటే వాడికి వాళ్ళమ్మ గుర్తొస్తుందట. తిన్నాను. కారింది. వాడు కూడా ఏడ్చాడు. తర్వాత ఇద్దరం క్రికెట్ చూశాం.

కనకరత్నం వంటింట్లో పాడుకుంటోంది. ఏడాదిగా ఆ గొంతు వినలేదు.

12 సెప్టెంబరు

పులిహోర. వాడొస్తే బాగానే ఉంటుంది. పాడైపోయిన మా రేడియో విప్పి, నేనేదో పెద్ద క్రేను ఫోర్‌మన్ననే గౌరవం కూడా లేకుండా స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టి పట్టుకోమంటాడు. పట్టుకుంటాను.

కానీ ఎంతకాలం? వాడు నా కన్ను వైపు గుడి వైపు చూసినట్టు చూస్తాడు.

21 సెప్టెంబరు

రోజారమణి గారు విద్యార్థులకి నన్ను చూపిస్తానంటే వెళ్ళాను. కుర్రాళ్ళూ అమ్మాయిలూ తెల్లకోట్లలో అర్ధచంద్రాకారంగా నిలబడ్డారు. రెండు కళ్ళ కిందా సన్నటి కాగితపు ముక్కలు తగిలించి నిమ్మకాయ ఊరగాయ నాకించారు. కుడి కాగితం చివరిదాకా తడిసింది, ఎడమది ఆరినట్టే ఉంది. వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు, ఆవిడ తిట్టారు.

ఒక అమ్మాయి అడిగింది: "అంకుల్, ఇలా వచ్చినప్పుడు మీకు దుఃఖంగా అనిపిస్తుందా?"

"లేదమ్మా. ఉప్పెక్కువైంది," అన్నాను.

రాసుకుంది.

తర్వాత ఆవిడ ఒక మాట చెప్పారు. దీనికి ఇంజెక్షనుందట. కంటిపైన నీటిగ్రంథిలో చుక్క వేస్తే కొన్ని నెలలు ఆగిపోతుంది. పాడైన తిండిలో పుట్టే ఒక విషాన్ని బాగా తక్కువ చేసి తయారుచేస్తారట. వచ్చే నెల చెన్నై నుంచి ఒక డాక్టరుగారు వస్తారు, ఆలోచించుకోమన్నారు.

22 సెప్టెంబరు

కనకరత్నం ససేమిరా అంది.

"పాసిపోయిన కూట్లో ఇసం కంట్లో ఎక్కించుకుంతావా? కన్నున్నాది, కారతంది. కారనీ. నీకేటి నష్టం?"

"కేంటీన్లో పరువు పోతంది."

"పోనీ. సాంబార్లో మునక్కాడలొచ్చాయి కదా."

నాకు తెలుసు ఆమె భయం విషం గురించి కాదని. కన్ను ఎండిపోతే గురువులుకి ఏం చెబుతాం? మళ్ళీ ఏడవని మొకం అంటాడు. మళ్ళీ గుమ్మాలు.

3 అక్టోబరు

బస్సెక్కి భీమిలి వెళ్ళాను. చెప్పేస్తానని ఆమెకి చెప్పలేదు.

గురువులు కొట్లో కూర్చుని కంట్లో భూతద్దం బిగించుకుని ఎవరిదో ఆడవాళ్ళ వాచీ విప్పుతున్నాడు. స్టూలు మీద కూర్చున్నాను. చేపలబుట్టలు పట్టుకుని ఆడాళ్ళు బస్టాండుకి పోతున్నారు. ఎలా మొదలెట్టాలో తెలియలేదు. వర్క్‌షాపులో చెప్పినట్టే చెప్పాను.

"బావా, ఆయాల నాను ఏడవలేదు. ఆ కన్నీల్లు నావి కావు. పులిహోరయి."

వాడు భూతద్దం తియ్యలేదు. "తెల్సు," అన్నాడు.

"ఏటి తెల్సు?"

"నరం దారి తప్పింది కదేటి. సెల్లి ముందే ఫోన్ సేసి సెప్పింది. 'అన్నియ్యా, ఆయనకి ఏటి తిన్నా కుడికన్ను కారతంది. పులుపైతే మరీని. కుడేపు కూకో, పులిహోర మొదట ఎయ్యించు' అన్నాది."

రోడ్డు మీద ఆటో హారను కొట్టి వెళ్ళిపోయింది.

"మరి నన్నట్టుకుని ఏడిసేవేటి?"

"ఏడుపు నాదే." ఇప్పుడు భూతద్దం తీశాడు. కంటి చుట్టూ గుండ్రంగా ముద్ర పడి ఉంది. "ఏడాదై నీతో మాటాడ్డానికి ఒక సాకు దొరక్క సచ్చాను బావా. పదిమందిలో నోరు జారినోణ్ణి. పదిమందిలోనే కలవాల గదా. ఊరికే ఒచ్చి కలిస్తే నువ్వు కలిసేవోడివేటి?"

కలిసేవాణ్ణి కాదు.

"మరి వారం వారం పులిహోర?"

"అలవాటైపోనాది. నీ కన్ను కారతంటే నాకూ హాయిగుంతంది. కానీ నిజం సెప్తాను, జోగమ్మకి నడుం పడిపోనాది కలిపీ కలిపీ. సెల్లి సెప్పిన ఆ సూదేదో ఏయించేసుకో."

టీ తెప్పించాడు. టీకి కొంచెమే కారుతుంది. వాడు రుమాలు ఇచ్చాడు.

ఇంటికొచ్చేసరికి కనకరత్నం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. "నీల్లకుండ అక్కడే పెడతారన్నావు కదా ఆ రోజు," అన్నాను.

"పెడతారనుకున్నాను. పెట్లేదు," అంది తలెత్తకుండా.

14 అక్టోబరు

ఇంజెక్షను అయింది. చీమ కుట్టినట్టుంది. కనకరత్నం బయట బెంచీ మీద కళ్ళు మూసుకుని వరాహ నరసింహస్వామికి ఏదో మొక్కుకుంది.

23 అక్టోబరు

చింతపండు పులుసు. పొడి.

25 అక్టోబరు

నిమ్మకాయ. పొడి. వాషరు కొత్తది పడింది.

గోపి భోజనం దగ్గర కుడిపక్కన వచ్చి కూర్చుని బావమరిది సంగతి చెప్పబోయి, నా కన్ను చూసి, పప్పు వేసుకుని లేచిపోయాడు.

28 నవంబరు

గురువులు మనవరాలికి అన్నప్రాశన. వాడి కొడుకు సాయిశంకర్ కూతురు. బంధువులంతా వచ్చారు. సంవత్సరికం కథ ఊళ్ళో బాగా పాకింది. చూడనివాళ్ళు ఈసారి చూడ్డానికి సిద్ధమై వచ్చారు. బంతిలో నా కుడివైపు చోటు కోసం ఇద్దరు ముసలాళ్ళు మాటా మాటా అనుకున్నారు. మేనమామ ఎడమవైపే కూర్చున్నాడు, పంతానికి.

పులిహోర పెట్టుకున్నాను. కుడివైపు అంతా మెడలు చాచారు. ఏమీ రాలేదు. ఇంకో ముద్ద. ఏమీ రాలేదు.

"పెద్దామె పోయి ఏడాది దాటిపోనాది. మరిసిపోనాడు. రాయి రాయే," అంది ఎవరో అత్త.

గురువులు నన్ను మోచేత్తో పొడిచాడు. "ఏడు బావా, దూరాన్నుంచి ఒచ్చారు," అన్నాడు చెవిలో. నాకు నవ్వొచ్చింది. రెండు బుగ్గలూ నవ్వాయి. బుద్ధిగా నవ్వాయి.

భోజనాలయ్యాక జోగమ్మ పాపని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పాయసం మూతికంతా పూసుకుని ఉంది. నా వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుని పళ్ళు లేని చిగుళ్ళతో గట్టిగా కొరికింది.

"పేరేటెట్టారు?" అన్నాను.

"రాసింది వేరేలే. ఇంట్లో మాత్రం చిలకమ్మే," అన్నాడు గురువులు.

కుడివైపు ముసలాళ్ళు చెప్పులు వెతుక్కుంటున్నారు. మేనమామ చేతులు కడుక్కోవడానికి పోయాడు. కనకరత్నం ఒక్కతే నాకు ఎడమవైపు నిలబడి ఉంది. వంగి చూసింది.

"ఏటయ్యా? ఎడంకన్ను?"

"దుమ్ము," అన్నాను.

ఆమె కొంగుతో తుడిచింది.

సముద్రం గాలికి ఇసక లేస్తుంది కదా భీమిలిలో. దుమ్మే.